యావజ్జీవ శిక్ష అంటే 14 ఏళ్లేనా?

యావజ్జీవ శిక్ష పడినవారు 14 ఏళ్లకు బయటికొచ్చేస్తారని చాలామంది అనుకుంటారు. చట్టంలో అలా ఎక్కడా లేదు.

గాంధీ హత్య కేసులో దోషి గోపాల్ గాడ్సే తన శిక్షాకాలం పూర్తయిందని, విడుదల చేయాలని సుప్రీంకోర్టును కోరారు. 1961లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అందుకు ఒప్పుకోలేదు. యావజ్జీవం అంటే బతికున్నంత కాలమని, ప్రభుత్వం శిక్ష తగ్గిస్తేనే ముందుగా విడుదల సాధ్యమని స్పష్టం చేసింది.

మరి 14 ఏళ్ల మాట ఎక్కడిది?

1978లో సీఆర్‌పీసీలో 433ఏ సెక్షన్ చేర్చారు. మరణశిక్షకూ వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాల్సిందేనని అది చెబుతుంది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 475వ సెక్షన్‌లో ఇదే నిబంధన ఉంది. అంటే 14 ఏళ్లు గరిష్ఠ పరిమితి కాదు, కనీస గడువు. అది దాటాక తన విషయం పరిశీలించమని ఖైదీ అడగవచ్చు. విడుదల తన హక్కని మాత్రం అనలేరు.

శిక్ష ఎందుకు?

దీనికి నాలుగు జవాబులున్నాయి. చేసిన తప్పుకు తగిన ఫలితం అనుభవించాలన్నది ఒకటి. ఇతరులు భయపడాలన్నది రెండోది. ప్రమాదకరమైన వ్యక్తిని సమాజానికి దూరంగా ఉంచాలన్నది మూడోది. మనిషి మారాలన్నది నాలుగోది. మొదటి రెండూ ప్రధానంగా నేరాన్ని చూస్తాయి. చివరి రెండూ మనిషిని చూస్తాయి. నేరం మారదు, మనిషి మారవచ్చు. శిక్ష తగ్గింపుపై ప్రతి వివాదానికీ మూలం ఇక్కడే ఉంది.

కోర్టులు తెచ్చిన మధ్యేమార్గం

1980 నాటి బచన్ సింగ్ తీర్పు ప్రకారం ఉరిశిక్ష అత్యంత అరుదైన కేసులకే పరిమితం. కానీ ఘోరమైన హత్యల్లో ఉరి మరీ ఎక్కువ, 14 ఏళ్లు మరీ తక్కువ అనిపిస్తే? 2008లో భార్యను హత్య చేసిన స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు ఉరిని తప్పించింది. కానీ జీవితాంతం విడుదల చేయకూడదని ఆదేశించింది. రాజీవ్ గాంధీ హత్య కేసు దోషుల విడుదల వివాదంలో 2015లో రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో ఈ పద్ధతిని సమర్థించింది. ఇలాంటి శిక్షను హైకోర్టులు, సుప్రీంకోర్టు మాత్రమే వేయగలవు, ట్రయల్ కోర్టులకు ఆ అధికారం లేదు. రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష అధికారం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ పద్ధతి వల్ల కొందరికి ఉరి తప్పింది. రాజకీయ లెక్కలతో దోషులను వదిలేస్తారన్న బాధితుల భయమూ కొంత తగ్గింది. కానీ దీనికి ఒక మూల్యం ఉంది. తీర్పు చెప్పే రోజున న్యాయమూర్తికి జరిగిన నేరం గురించి అంతా తెలుస్తుంది. పాతికేళ్ల తర్వాత ఆ ఖైదీ ఎలాంటి మనిషి అవుతాడో తెలియదు. అయినా ఆ ప్రశ్నను ఆ రోజే మూసేస్తున్నారు.

విడుదల చేయాలా వద్దా అన్నది వేరే విషయం. ఎప్పుడో ఒకనాడు ఆ ప్రశ్న అడిగే వీలైనా ఉంచాలా వద్దా అన్నదే అసలు చర్చ. మార్పు కూడా శిక్ష లక్ష్యమేనని ఒప్పుకుంటే, ఆ మార్పును చూసేందుకు ఒక తలుపైనా తెరిచి ఉండాలి.