టైరులో గాలి ఎంత ఉండవలెను?

సైకిలు ఎక్కబోవుముందు చక్రమును బొటనవ్రేలితో నొక్కి చూచు అలవాటు మనలో చాలమందికి కలదు. ఈ చిన్న పరీక్షయే గెలుపోటములను నిర్ణయించు ఒక క్రీడను గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింప దలచితిమి. అమెరికాలో దానిని ఆటోక్రాస్ అందురు.

ఇందు కార్లు ప్రక్కప్రక్కన పరుగెత్తవు. విశాలమైన మైదానములో నారింజరంగు శంకువులను నిలిపి మెలికల త్రోవను ఏర్పరతురు. ఒక్కొక్క కారును విడిచి కాలమును లెక్కింతురు. పరుగు సాధారణముగా ఒక నిమిషమునకు అటునిటుగా ముగియును. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమముల ప్రకారము, ఒక శంకువును పడగొట్టినచో 2 సెకనులు కాలమునకు చేర్తురు. పోటీదారుల నడుమ భేదము ఒక్కొక్కప్పుడు సెకనులో వెయ్యోవంతులలో నుండును.

వచ్చువారిలో పెక్కుమంది ప్రతిదినము పనికి తీసికొనిపోవు కారునే తెత్తురు. ఇంజనును మార్చుటకు డబ్బు కావలెను. నియమములును అడ్డు వచ్చును. గాలిని మార్చుటకో, ఒక పంపును, ఒక నమ్మకమైన గేజియును చాలును.

ఒక ఉదాహరణము చూతము. 1989లో వెలువడిన మాజ్దా ఎమ్.ఎక్స్.-5 అను చిన్న స్పోర్ట్స్ కారునకు, టైరు చల్లగా నున్నప్పుడు చదరపు అంగుళమునకు 26 పౌన్ల గాలి ఉండవలెనని తయారీదారులు నిర్దేశించిరి. అది రహదారి ప్రయాణమునకు తగిన కొలత. ఆటోక్రాస్ మలుపులలో కారు బరువు బయటివైపు చక్రములపై పడును. గాలి చాలనిచో టైరు ప్రక్కగోడ మడతపడి నేలను రాచుకొనును. మరీ తగ్గినచో అంచు రిమ్మునుండి ఊడు ప్రమాదమును కలదు. కావున చాలమంది కొన్ని పౌన్లు ఎక్కించి ప్రారంభింతురు. అట్లని విరివిగా ఎక్కించినను చేటే. టైరు నడుమ ఉబ్బి, నేలకు ఆనుకొను భాగము తగ్గి, పట్టు సడలును.

సరియైన కొలతను తెలుపగల సాక్షి టైరే. పరుగునకు ముందు టైరు భుజముపై సుద్దముక్కతో అడ్డముగా గీత గీయుదురు. పరుగు ముగియగానే సుద్ద ఎంతవరకు చెరిగినదో చూతురు. పెక్కు టైరులకు భుజముపై చిన్న త్రికోణపు గుర్తుండును. సుద్ద ఆ గుర్తును దాటి చెరిగినచో గాలి తక్కువ. అంతదూరము రానేరానిచో ఎక్కువ.

వేడిని మరువరాదు. టైరు ఉష్ణోగ్రత 10 ఫారన్‌హీట్ డిగ్రీలు పెరిగినచో పీడనము సుమారు 1 పౌను పెరుగును. ఉదయము సరిపోయిన కొలత నాల్గవ పరుగునాటికి మించిపోవును. అందుచే పరుగుల నడుమ కొలిచి కొంత గాలిని వదలుదురు. ఎండ తీవ్రముగా నున్నచో టైరులపై నీరు చిలకరింతురు.

ముందు వెనుకల పొత్తు మరియొక అంశము. స్టీరింగు త్రిప్పినను కారు ముక్కు తిరుగక ముందుకే జారినచో ముందు టైరులకు పట్టు చాలలేదని అర్థము. తోక జారినచో లోపము వెనుక నున్నది. అప్పుడు ఒక వైపున మాత్రమే, 1 లేక 2 పౌన్లు మార్చి చూడవలెను. అన్నిటిని ఒక్కమారు మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదు.

ఇచ్చట గడియారము మోసగింపవచ్చును. రెండవ పరుగు త్వరగా ముగిసినచో అది గాలి మహిమయని మురియుదుము. త్రోవ పరిచయమగుటచేతనే చోదకుడు త్వరపడి యుండవచ్చును. అందుచే వివేకవంతులు పాత కొలతకు మరల వచ్చి సరిచూచుకొందురు. ప్రతి మార్పును, నేల స్వభావమును, ఎండను పుస్తకములో వ్రాసికొందురు. పొరుగువాని సంఖ్యను అరువు తెచ్చుకొన్న వానికంటె ఆ పుస్తకము గలవాడే ముందుకు పోవును.

ఆట ముగిసిన పిమ్మట టైరులు చల్లారనిచ్చి, తయారీదారుల కొలతకు గాలిని సరిచేసికొనియే ఇల్లు చేరవలెను. పందెము ఎరుగని మనకును ఈ పాఠము వర్తించును. కారు గలవారు తలుపు చట్రముపై నున్న కొలతను ఒకమారు చదివి, ఉదయమున బండి కదలకముందే గాలిని కొలిపించుకొందురు గాక. బొటనవ్రేలి సాక్ష్యము సైకిలునకు చాలును, కారునకు చాలదు.