ఆకు తేలిగ్గా ఇవ్వదు

ఖరగ్‌పూర్ తెలుగిళ్ళలో అరటిపువ్వు తరిగేటప్పుడు పక్కన మజ్జిగ గిన్నె ఉండాల్సిందే. అరటిపువ్వును బెంగాలీలు మోచా అంటారు. వాళ్ళు పసుపు నీళ్ళలో నానబెడతారు. తరిగిన ముక్కను అలాగే వదిలేస్తే కాసేపటికే నల్లబడుతుంది. వేళ్ళకంటిన మరక ఒకపట్టాన పోదు. మొక్కల ప్రోటీన్లను పరిశోధించేవాళ్ళను మొదట ఏడిపించేది ఈ నలుపే.

మొక్క కణంలో ఫీనాల్ పదార్థాలు ఒక అరలో, వాటిని మార్చే పాలీఫీనాల్ ఆక్సిడేజ్ ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. కత్తి పడగానే అరలు చితికి రెండూ కలుస్తాయి. అక్కడ పుట్టే క్వినోన్లు చుట్టుపక్కల ప్రోటీన్లకు గట్టిగా అతుక్కుంటాయి. మజ్జిగ పులుపు ఆ ఎంజైమ్ జోరు తగ్గిస్తుంది. మజ్జిగలోని ప్రోటీన్లు వగరును తమవైపు లాక్కుంటాయి. ప్రయోగశాలలో ఆ పని విటమిన్ సి, పీవీపీపీ అనే పొడి చేస్తాయి. మన అమ్మమ్మలు పేర్లు తెలియకుండానే ఇదంతా చేశారంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఖరగ్‌పూర్ నుంచి సాలువా వైపు వెళ్తే సాల్ చెట్లు కనిపిస్తాయి. మనం గుగ్గిలం అనేది ఈ చెట్టునే. విస్తళ్ళు కుట్టే ఈ ఆకును కొరికి చూడండి, నోరు పిడచకట్టుకుపోతుంది. ఆకులోని టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్దచేయడమే వగరు. నోట్లో జరిగిందే పరీక్షనాళికలోనూ జరుగుతుంది: కావలసిన ప్రోటీన్ టానిన్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది.

పైగా ఆకులో ప్రోటీనే తక్కువ. ముదిరిన కణంలో చాలాభాగం, ఒక్కోసారి 90 శాతం దాకా, రిక్తిక (వాక్యూల్) అనే తిత్తే ఆక్రమిస్తుంది. అందులో నీళ్ళు, ఆమ్లాలతో పాటు ప్రోటీన్లను కొరికేసే ఎంజైములూ ఉంటాయి. చుట్టూ సెల్యులోజ్ గోడ. గోడ పగలగొట్టాలి, కానీ పగిలిన క్షణం నుంచే లోపలి సరుకు పాడవుతుంది.

అందుకే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. పింగాణీ కల్వంలో ఆకు వేసి పోస్తే తెల్లటి ఆవిరి లేస్తుంది, ఆకు గాజులా పెళుసెక్కుతుంది. నూరితే టాల్కం పౌడరంత మెత్తని ఆకుపచ్చ పిండి. ఆ చలిలో ఏ ఎంజైమూ కదలదు. పిండి కరిగేలోపే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపిన చల్లని ఎసిటోన్‌లో వేస్తారు. ప్రోటీన్లు పేరుకుని కిందికి దిగుతాయి, పత్రహరితం, ఫీనాల్ పదార్థాలు చాలావరకు పైద్రవంలోకి పోతాయి. మరీ మొండి కణజాలమైతే ఫీనాల్ ద్రావకంతోనే ప్రోటీన్లను బయటికి లాగే పద్ధతి ఒకటుంది. దాన్ని 1986లో హర్క్‌మన్, టనాకా అనే పరిశోధకులు ప్రకటించారు.

ఇంత చేశాక చేతికొచ్చేది ఎక్కువగా రుబిస్కో. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఈ ఒక్క ఎంజైమే చాలా మొక్కల ఆకుల్లో నీటిలో కరిగే ప్రోటీన్‌లో సగం దాకా ఉంటుంది. ఎండకు తట్టుకోమని కబురందించే ప్రోటీన్ ఆ గుంపులో నలుసంత. డీఎన్ఏ కొంచెమే దొరికితే పీసీఆర్‌తో కోట్ల నకళ్ళు తీయవచ్చు. ప్రోటీన్‌కు ఆ వీలు లేదు. దొరికినంతతోనే సరిపెట్టుకోవాలి.

తరవాతి పనికి, అంటే ప్రోటీన్లను విడదీసి గుర్తించడానికి, పనిముట్లు బాగానే ఉన్నాయి. 1970లో లెమ్లీ పరిమాణాన్నిబట్టి ప్రోటీన్లను జెల్‌పై విడదీసే పద్ధతిని మెరుగుపరిచాడు. 1975లో ఒఫారెల్ విద్యుదావేశాన్నీ జోడించి రెండు దిశల్లో పరిచాడు. ప్రోటీన్లలాంటి పెద్ద అణువులను చెదరకుండా తూచేలా మాస్ స్పెక్ట్రోమెట్రీని మలిచినందుకు జాన్ ఫెన్, కొయిచి తనాకాలకు 2002 నోబెల్‌లో భాగం దక్కింది. యంత్రమిచ్చిన తూకాలను జన్యుపటంతో పోల్చాలి. వరికి 2005లోనే పూర్తి పటం వచ్చింది గనుక అక్కడ పని సులువు. పటం లేని అడవి చెట్టయితే దగ్గరి చుట్టపు మొక్కల పటాలతో నెట్టుకురావాలి.

కొత్తగా చేరిన విద్యార్థులు యంత్రం దగ్గరికే పరిగెడతారు. నా మట్టుకు అసలు ప్రయోగం చెట్టు కిందే మొదలవుతుంది. తెల్లవారుజామున కోసిన ఆకు, మిట్టమధ్యాహ్నపు ఆకు ఒకటి కావు. వెలుతురుతో, వేడితో అందులోని ప్రోటీన్లు మారుతుంటాయి. తెంపడమూ ఆకుకు గాయమే, దానికీ అది స్పందిస్తుంది. సాలువా సాల్ చెట్ల నుంచి హిజ్లీలోని ఐఐటీకి దూరం కొద్ది కిలోమీటర్లే. ఆకును సంచిలో వేసుకుని ఆ కాస్త దూరం వెళ్ళినా, గేటు దాటేది వాడిన ఆకే. ద్రవ నైట్రోజన్ డబ్బాను కొమ్మ కిందికే మోసుకెళ్ళాలి; ఆకు తెంపిన చేత్తోనే అందులో వేసి, వేళ ఎంతో రాసుకోవాలి.