సహధర్మచారి: చికిత్సకు మూడవ పాదం

వివాహవేదికపై అగ్నిసాక్షిగా ఏడడుగులు పూర్తికాగానే వరుడు వధువును తనకు సఖిగా ఉండమని కోరతాడు. నాటి నుండి ఇద్దరిదీ ఒకటే ధర్మం. వ్రతానికైనా హోమానికైనా దంపతులు ఒకే పీట మీద కూర్చోవడం మనం ఎరిగినదే. మరి ఇద్దరిలో ఒకరు వ్యాధిగ్రస్తులైనప్పుడు రెండవవారి స్థానం ఎక్కడ? ఆసుపత్రి వరండాలోనా, వైద్యుని ఎదుట రోగి పక్కనా? ప్రతి గృహస్థూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

దీనికి చరకసంహిత సూత్రస్థానంలోనే సమాధానం ఉంది. చికిత్స నాలుగు పాదాలపై నిలుస్తుందని చరకుడు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు పాదాలు. ఏ ఒక్క పాదం కుంటుపడినా చికిత్స సాగదు. మన ఇళ్లలో ఆ మూడవ పాదం సాధారణంగా భార్యే, లేదా భర్తే. పరిచారకునికి ఉండవలసిన గుణాలనూ మహర్షి నాలుగుగా విభజించాడు. అవి ఉపచారజ్ఞత, దక్షత, అనురాగం, శౌచం. అనురాగం మూడవ స్థానంలో ఉన్న సంగతి గమనించండి. మొదటిది సేవ చేసే విధానం తెలిసి ఉండటం. ప్రేమ ఒక్కటే చాలదని, తెలివిడి లేని ప్రేమ వల్ల రోగికి హాని కూడా కలుగవచ్చని దీని తాత్పర్యం.

ఇందుకు దూరపు ఉదాహరణ అక్కరలేదు, మన నల్గొండ జిల్లానే చాలు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీరెరుగుదురు. వెన్ను బిగుసుకుపోయిన భర్తకు స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టి, ఏళ్ల తరబడి సేవ చేసిన ఇల్లాళ్లు ఆ పల్లెలలో ఉన్నారు. భార్యను చేతులపై మోసిన భర్తలూ ఉన్నారు. అయితే ప్రేమతో నీటిని ఎంతసేపు కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, అది ‘నల్గొండ విధానం’ అనే పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో కృష్ణాజలాలు పల్లెలకు చేరాయి. కానీ గట్టిపడిన ఎముకలను పూర్వస్థితికి తెచ్చే ఔషధం లేదు. శుద్ధమైన నీరు, సున్నపుధాతువు గల పోషకాహారం, వైద్యుడు సూచించిన వ్యాయామం, ఇవే అక్కడి చికిత్స. ఇవి నడిచేది ఇంట్లోనే, సహధర్మచారి చేతుల మీదుగానే.

తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, రోగి అభిమతాన్ని గౌరవించడమూ అంతే ముఖ్యం. మహాభారతం వనపర్వంలోని సుకన్య కథ స్మరించండి. వృద్ధుడైన చ్యవనునికి యౌవనం ప్రసాదిస్తామని దేవవైద్యులైన అశ్వినీదేవతలు ఆమె ముందు ఒక నిబంధన ఉంచారు. ఆమె తనంతట తాను సరేననలేదు. భర్త దగ్గరకు వెళ్లి విన్నవించి, ఆయన అనుమతించిన తరువాతనే అంగీకరించింది. నేడు శస్త్రచికిత్స మాట వచ్చినప్పుడు రోగిని పక్కనబెట్టి బంధువులే నిర్ణయించే ఇళ్లు ఎన్నో! శరీరం ఎవరిదో వారి మాటే ముందు వినాలి. జబ్బు పేరు దాచడం దయ అనిపించుకోదు.

ఇక భక్తి విషయం. యాదగిరిగుట్ట స్వామిని వైద్య నృసింహుడని కొలిచి, మండలం రోజులు ప్రదక్షిణలు చేసే దంపతులను మనం చూస్తూనే ఉన్నాము. ఆ నమ్మకం రోగికి ధైర్యమిస్తుంది. రోగికి ఉండవలసిన గుణాలలో నిర్భయత్వాన్ని కూడా చరకుడు లెక్కించాడు. కానీ దీక్ష పేరిట మాత్రలు మానడం శాస్త్రసమ్మతం కాదు. వ్రతభంగం కలిగించనివంటూ స్మృతులు పేర్కొన్న ఎనిమిదింటిలో నీరు, పండు, పాలతోపాటు ఔషధం కూడా ఉంది. ఏకాదశినాడు మధుమేహ రోగి వేళకు మందు, దానికి తగిన ఆహారం తీసుకుంటే దోషం లేదు. ఉపవాస నియమాన్ని ముందుగా వైద్యునితో చర్చించే బాధ్యత పక్కనున్న భార్యాభర్తలది.

ఈ ధర్మం ఇల్లాలికి మాత్రమే విధించినదని భావించకండి. ఆలయంలో సంకల్పం చెప్పేటప్పుడు భార్య నక్షత్రాన్ని తడుముకోకుండా చెప్పే గృహస్థులు, ఆమె రోజూ వేసుకునే మాత్ర ఏ వ్యాధికని అడిగితే మౌనం వహిస్తారు. స్త్రీ తన నొప్పిని పండుగ పనుల వెనుక, పిల్లల చదువుల వెనుక దాచుకుంటుంది. దానిని కనిపెట్టి వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం భర్త కర్తవ్యం. వాకిట దింపి వెళ్లిపోక, లోపలికి వెళ్లి కూర్చుని వినాలి. అర్థం కానిది మళ్లీ అడగాలి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో మన పాలమూరు ఒకటి. అటువంటి సహాయానికి కావలసిన కార్డులు, కాగితాలు సిద్ధం చేయడం కూడా సేవయే.

సేవ చేసేవారూ మనుషులే. దక్షత నిలవాలంటే వారికి నిద్ర కావాలి, వేళకు భోజనం కావాలి. అత్తమామలు, ఆడబిడ్డలు, మరుదులు వంతులవారీగా ఆ భారాన్ని పంచుకోవాలి. ఒక్కరినే మంచం పక్కన వదిలి ‘ఎంత ఓపికో’ అని పొగడటం న్యాయం కాదు.

కనుక పూజామందిరంలో పంచాంగం ఉన్నట్లే ప్రతి ఇంట ఒక చిన్న పుస్తకం ఉండాలి. అందులో భార్య మందులు భర్త వ్రాయాలి, భర్త మందులు భార్య వ్రాయాలి. ఏ మందు, ఎందుకు, ఏ వేళ, పరీక్షలో ఏమి తేలింది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అన్నవన్నీ తేదీలతో సహా ఉండాలి. తిథివారాలు చూసినంత శ్రద్ధగా ప్రతి ఉదయం దానిని చూడండి. అగ్నిసాక్షిగా కోరుకున్న ఆ స్నేహాన్ని నిలుపుకునే మార్గాలలో ఇది ఒకటి. శుభమస్తు.