పెరటి పక్షులకు మేత – పిలువని చుట్టములు

మన తెలుగుదేశమున వరికోతలు ముగిసిన పిమ్మట మంచి కంకులను ఏరి, కుచ్చులుగా అల్లి, వసారా దూలమునకు వ్రేలాడగట్టు ఆచారము చిరకాలమునుండి కలదు. దేవాలయ మండపములందును ఇట్టి కుచ్చులు కానవచ్చును. ఇవి ఇంటికి అలంకారములు, పిచ్చుకలకు అన్నసత్రములు. కుచ్చు కట్టిన రైతు పక్షిశాస్త్రము చదివినవాడు కాకపోవచ్చును. అయినను అతని పనిలో గొప్ప వివేకము కలదు. కంకి గాలికి ఊగుచుండును. తేలికయైన పిచ్చుక దానిని పట్టుకొని గింజను ఒలిచి తినగలదు. బరువైన పావురము అట్లు వ్రేలాడజాలదు. ఒక్కొక్క గింజయే ఊడును గనుక నేలమీద రాశిగా పడదు. కావున రాత్రివేళ ఎలుకకు విందు దొరకదు.

పక్షులకు మేత పెట్టుట యనగా గింజలు చల్లుట మాత్రమే కాదు. ఎవరికి, ఎంత, ఏ వేళ, ఎట్లు పెట్టవలెనో ఎఱిగి పెట్టుటయే నిజమైన మేత. ఈ విషయమును మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఇచట వివరించెదము.

అతిథు లెవరు?

గుడిమల్కాపూరు హైదరాబాదున, మెహిదీపట్నమునకు చేరువనున్న పేట. ఇచటి పూలబజారు నగరమంతటికిని తెలిసినది. కూరగాయల బజారును కలదు. పూలును కూరగాయలును బస్తాలకొలది దిగు చోట రాలినవి, కుళ్లినవి కొన్ని మిగులకపోవు. అట్టి చోట ఎలుకలకు కఱవుండదు. కావున ఈ పేటలో డాబామీదనో పెరటిలోనో గింజలు పెట్టువారు ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్త వహింపవలెను.

ముందుగా మన పక్షులను తెలిసికొందము. ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడైన సలీం అలీ (1896–1987) నాటి హైదరాబాదు సంస్థానమున సంచరించి పక్షులను పరిశీలించెను. ఆయన వ్రాసిన నివేదిక బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికయందు ప్రకటింపబడినది. బాల్యమున తాను కొట్టిన పసుపుకంఠపు పిచ్చుక యొకటి ఆయనను ఈ విద్యవైపు త్రిప్పెను. అందుచేతనే 1985వ సంవత్సరమున వెలువడిన తన ఆత్మకథకు పిచ్చుక పేరుతో కూడిన శీర్షికను ఉంచెను.

మన పెరళ్లకు వచ్చు పక్షు లన్నియు ఒక్క మేతనే తినవు. పిచ్చుక, జీనువాయి, గువ్వ, రామచిలుక గింజలు తినును. పిగిలిపిట్టకు పండ్లు ప్రీతి. గోరువంక పండును, పురుగును, అన్నమును దేనినైనను వదలదు. తేనెపిట్టకు పూలు కావలెను. తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్ట పురుగులను, మిడుతలను పట్టి తినును. దానిముందు బస్తాడు నూకలు పోసినను అది కన్నెత్తి చూడదు. కావున గింజలు చల్లి పక్షుల నన్నిటిని పోషించితి ననుకొనుట సరికాదు. మందార, దానిమ్మ, జామ మొక్క యొకటి నాటినవారు గింజలు పెట్టినవారికంటె ఎక్కువ జాతులకు ఆతిథ్యమిచ్చినవారగుదురు.

పిడికెడు గింజల లెక్క

పిచ్చుక బరువు సుమారు 25 మొదలు 30 గ్రాములు. దానికి దినమునకు ఒక చిన్న చెంచాడు, అనగా నాలుగైదు గ్రాముల గింజలు చాలును. పావురము బరువు సుమారు 300 గ్రాములు. అది దినమునకు 30 గ్రాములవరకు తినును. పిడికెడు నూకలు 30 గ్రాము లనుకొన్నచో, అవి ఆఱేడు పిచ్చుకలకు ఒకనాటి భోజనము. లేదా ఒక్క పావురమునకు ఒకనాటి భోజనము. ఈ లెక్కను విద్యార్థులు మనస్సున నుంచుకొనవలెను. మన మొక శేరు గింజలు చల్లిన యెడల పిచ్చుకలు పెరుగవు, పావురములు పెరుగును.

మక్కా మసీదు ముంగిట పావురములకు జొన్నలు చల్లుట మన నగరమున చాలకాలముగా జరుగుచున్న పుణ్యకార్యము. వారి దయను ఎవరును తప్పుపట్టరాదు. అయితే విశాలమైన ఆవరణము వేఱు, నాలుగిండ్ల నడుమనున్న డాబా వేఱు. పావురము మొదట కొండచఱియలలో గూడు కట్టు పక్షి. నేటి మేడల గట్లు దానికి కొండచఱియలవలెనే యుండును. పెంకుటిండ్ల సందులలో గూడు కట్టిన పిచ్చుకకు మాత్రము ఈ నున్నని గోడలలో చోటు దొరకదు. పావురముల రెట్ట ఎండి ధూళియై ఊపిరితిత్తులలో చేరినచో కొందఱికి దీర్ఘమైన శ్వాసవ్యాధి కలుగును. ఈ కారణముననే 2025వ సంవత్సరమున ముంబయి నగరపాలకులు పావురములకు మేత పెట్టు స్థలములను మూయించిరి. ఆ వివాదము ఉన్నతన్యాయస్థానము వరకు పోయినది. దయ చూపుట ఒకరిది, దగ్గు మఱియొకరిది కాకూడదు గదా!

ఎలుక, పావురము, ఉడుత

పిలువని చుట్టములలో మొదటిది ఎలుక. పిచ్చుక పగటి ప్రాణి. ఎలుక రాత్రి ప్రాణి. ఈ ఒక్క భేదము తెలిసినచో సగము పని తీరినట్లే. ఉదయము పెట్టిన గింజలు ప్రొద్దుగ్రుంకునప్పటికి ఎన్ని మిగులునో అన్నియు ఎలుకకే చెందును. కావున సూర్యోదయవేళ కొద్దిగా పెట్టి, పిచ్చుకలు తినిన పిమ్మట మిగిలినదానిని తీసివేయవలెను. క్రింద రాలిన పొట్టును సాయంకాలమునకు ముందే ఊడ్వవలెను. నిలువయుంచు గింజలు మూతగల రేకుడబ్బాలో నుండవలెను. గోనెసంచి ఎలుకపంటికి అడ్డు కాదు. ఎలుక మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను ప్రమాదకరమైన జ్వరము వచ్చును. వానకాలమున పిల్లలు ఆడుకొను పెరటిలో ఇది చిన్న విషయము కాదు.

ఎలుకలకు విషము పెట్టుట సులభోపాయముగా తోచును. కాని విషము తినిన ఎలుకను గుడ్లగూబ తినును, గుడ్లగూబయు చచ్చును. ఎలుకలకు స్వభావశత్రువైన పక్షిని మనమే చంపినవార మగుదుము. జిగురు అట్టలయందు ఎలుకతో పాటు ఉడుతయు, పిచ్చుకయు చిక్కి చచ్చును. వీనిని వాడరాదు.

రెండవది పావురము. దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది మన పూర్వుల వరికుచ్చు. రెండవది తీగెల పంజరము. మేతపళ్లెము చుట్టును ఒకటిన్నర అంగుళముల కన్నులుగల తీగెవలను గంపవలె అమర్చినచో పిచ్చుకయు జీనువాయియు లోపలికి పోగలవు. పావురమును కాకియు పోజాలవు. పళ్లెము వల అంచునకు జానెడు లోపలగా నుండవలెను. లేనిచో పావురము మెడ చాచి తినును.

మూడవది ఉడుత. సేతుబంధనమున ఇసుక మోసి శ్రీరాముని వ్రేళ్ల గుఱుతులు వీపున ధరించినదని మనవారు చెప్పుకొను ఈ చిన్న ప్రాణిని శత్రువుగా నెంచుట ఎవరికిని మనసొప్పదు. అయినను ఉడుత గింజలపళ్లెమును గడియలో ఖాళీ చేయుటయే గాక, అవకాశము దొరికినచో పిచ్చుక గూటిలోని గ్రుడ్లనుకూడ తినును. దానిని కొట్టనక్కఱలేదు, దారి మూసిన చాలును. పళ్లెమును గోడకును కొమ్మకును కనీసము ఆఱడుగుల దూరమున సన్నని తీగెపై వ్రేలాడగట్టవలెను. తీగెకు పైభాగమున నున్నని రేకుతో గొడుగువంటి కప్పు అమర్చినచో ఉడుత దానిపైనుండి జాఱిపడును. పళ్లెము గుంజమీద నున్నచో అదే గొడుగును గుంజకు నడుమ అమర్చవలెను. గుంజకు నూనెయు జిడ్డును పూయుట మాత్రము తగదు. అది ఉడుత బొచ్చునకును పక్షి ఱెక్కలకును అంటుకొని వానికి హాని చేయును.

మఱియొక వింత ఉపాయము కలదు. గింజలకు కొంచెము కారము పట్టించినచో ఉడుతయు ఎలుకయు తినుటకు జంకును. పక్షులు నిశ్చింతగా తినును. ఏలయనగా మిరపలోని కారపు సారము పాలిచ్చు జంతువుల నోటిని మండించును గాని పక్షులకు ఆ మంట తెలియదు. రామచిలుక పండుమిరపకాయను చెఱకుముక్కవలె కొఱికి తినుట మనము చూచినదే గదా! కారమును గుర్తించు నాడీద్వారమును 1997వ సంవత్సరమున కనుగొనిన డేవిడ్ జూలియస్‌కు 2021వ సంవత్సరమున నోబెల్ బహుమానములో భాగము లభించెను. అయితే ఈ పని పెద్దలే చేయవలెను; కారపు పొడి పిల్లల కన్నులలో పడకూడదు.

నీరును శుభ్రతయు

మన వేసవిలో పక్షికి గింజకంటె నీరు ముఖ్యము. వెడల్పైన మట్టిమూకుడులో రెండంగుళములకు మించని లోతుగా నీరు పోసి నీడన ఉంచవలెను. కాని ఆ నీరు నిలువయుండరాదు. దోమ గ్రుడ్డు పెట్టినది మొదలు ఱెక్కలు వచ్చువఱకు మన దేశపు వేడిమిలో సుమారు ఒక వారము, పది దినములు పట్టును. ప్రతిదినము నీటిని పాఱబోసి మూకుడును తోమినచో ఒక్క దోమయు పుట్టదు.

ఈ మాట హైదరాబాదువారు మఱవరానిది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు మన బేగంపేటలోనే దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. మఱుసటి యేడు కలకత్తాలో దోమకాటువలన ఈ వ్యాధిజాతి యెట్లు వ్యాపించునో ఆయన నిరూపించినది పక్షుల సహాయముననే. వానిలో పిచ్చుకలును కలవు. 1902వ సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అట్టి నగరమున పిచ్చుక పేరు చెప్పి దోమలను పెంచుట ఎంత తలవంపు!

మేతపళ్లెమునుకూడ వారమునకొకమాఱు వేడినీటితో కడిగి ఎండబెట్టవలెను. బ్రిటనులో 2005వ సంవత్సరము మొదలు గ్రీన్‌ఫించ్ అను పక్షులలో గొంతువ్యాధి యొకటి వ్యాపించి వాని సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. ప్రేమతో పెట్టిన మేతపళ్లెములే అచట రోగము అంటుకొను స్థలము లైనవి. రెట్టను ఎండుగా ఊడ్వక నీరు చల్లి, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీయవలెను. బూజుపట్టిన వేరుసెనగలు, ఉప్పు వేసిన పదార్థములు, వేపుడు మిఠాయిలు పక్షులకు పెట్టరాదు. నూకలు, కొఱ్ఱలు, సజ్జలు, వరికంకులు శ్రేష్ఠములు.

గింజతో తీరని ఆకలి

చివరకు ఒక ముఖ్యవిషయము. పెద్ద పిచ్చుక గింజలతో బ్రదుకును గాని, దాని పిల్ల బ్రదుకదు. మొదటి దినములలో తల్లిదండ్రులు దాని నోటికి అందించునది మెత్తని పురుగులు. పెరటి నంతయు సిమెంటుతో కప్పి, మొక్కలకు పురుగుమందు చల్లి, పళ్లెములో మాత్రము నూకలు పోసినచో తల్లి పక్షికి అన్నము పెట్టి పిల్లను పస్తుంచినట్లగును. పురుగునకును పిచ్చుకకును గల ఈ సంబంధమును మఱచిన దేశ మొకటి కలదు. 1958వ సంవత్సరమున చీనాలో ధాన్యము తినుచున్నవని పిచ్చుకలను కోట్లకొలది చంపించిరి. పంటలపై పురుగులు ప్రబలెను. 1960వ సంవత్సరమున చంపవలసిన ప్రాణుల పట్టికనుండి పిచ్చుక పేరు తీసివేసి నల్లిపేరు వ్రాసికొనిరి. అప్పటికే ఆ దేశమును మహాక్షామము ఆవరించియుండెను. దానికి అనేక కారణములలో ఇదియు నొకటి.

కావున ఓ విద్యార్థులారా! గూడునకై 32 మిల్లీమీటర్ల రంధ్రముగల కొయ్యపెట్టెను ఎత్తైన నీడగోడకు తగిలింపుడు. అందులో పిచ్చుక దూరును, గోరువంక దూరజాలదు. ఒక మూల మట్టిని విడిచి రెండు మొక్కలు నాటుడు. ఉదయము పిడికెడు గింజలు పెట్టుడు. సాయంకాలము నేల ఊడ్వుడు. నీరు దినదినము మార్చుడు. తల్లిదండ్రులారా! పిల్లవాడు గింజలు పెట్టినపుడు మెచ్చుకొనుడు. పళ్లెము కడిగినపుడు అంతకంటె నెక్కువ మెచ్చుకొనుడు. గింజ చల్లుటకు దయ యొక్కటియే చాలును. మిగిలిన గింజ నెత్తుటకు దయతోపాటు క్రమశిక్షణయు పొఱుగువారియందు గౌరవమును కావలెను. పెరటిలో తెగులును పుట్టించునది పావురము కాదు, ఉడుత కాదు, ఎలుకయు కాదు. మనము లెక్కచూడక విడిచిన మిగులు మేతయే.