వేడినీటి ఊటలో శక్తి ఎంత?

మణుగూరు ప్రాంతమున భూమినుండి వేడినీరు పైకి వచ్చు తావులు కలవు. ఆ ప్రాంతమందలి పగిడేరు వద్ద సింగరేణి సంస్థ ఈ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్కేంద్రమును నెలకొల్పినది. మీ పొలములో ఇట్టి ఊట యున్నచో, ముందుగా రెండు కొలతలు తీయవలెను.

1. వేడిమి: ఉష్ణమాపకమును నీరు పుట్టుచోటనే ముంచి చూడుడు. దిగువ కాలువలో వేడి తగ్గియుండును.

2. ధార: నీటి నంతటిని తొట్టిలోనికి పట్టి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో లెక్కించుడు. వానలకు చన్నీరు కలియును గనుక వేసవిలో మరల కొలువుడు.

సెకండుకు 10 లీటర్లు, 60 డిగ్రీల నీరు వచ్చుచున్నదనుకొనుడు. దానిని 40 డిగ్రీలకు చల్లార్చినచో సుమారు 840 కిలోవాట్ల వేడి లభించును. ఇంత తక్కువ వేడిమిలో అందు నూటికి అయిదు పాళ్లు, అనగా 42 కిలోవాట్లు, విద్యుత్తుగా మారుటయే కష్టము. అదే నీటిని గొట్టములలో పారించి గాలిని వేడిచేసినచో, మిరపకాయలు ఆరబెట్టుటకు వేడిలో చాల భాగము నేరుగా ఉపయోగపడును.

లోతున వేడి ఇంకను హెచ్చుగా నుండవచ్చును. నీటిలో కరిగిన సిలికాను పరీక్షించి నిపుణులు దానిని అంచనా వేయుదురు. ఆ అంచనా రాకముందే అప్పుచేసి లోతైన బోరు వేయింపకుడు. ఇట్టి నీటిలో లవణములు అధికముగా నుండవచ్చును. పరీక్ష చేయింపక, చల్లారిన నీటినైనను పైరుకు పెట్టరాదు.