నాంపల్లి నుమాయిష్: కొనే ముందు ఒక్క ప్రశ్న

సంక్రాంతి పండుగ వెళ్లి, ధాన్యం ఇల్లు చేరిన తరువాత మన పల్లె కుటుంబాలకు కొంచెం తీరిక దొరుకుతుంది. అదే సమయంలో హైదరాబాదులో నాంపల్లి ఎగ్జిబిషన్ జరుగుతూ ఉంటుంది. సాధారణంగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 వరకు, అంటే నెలన్నర రోజులు ఇది సాగుతుంది. నగరంలో బంధువులున్నవారు, ఆస్పత్రి పని మీద వెళ్లినవారు, పిల్లలను చదువులకు పంపినవారు ఒక సాయంత్రం వీలు చేసుకొని అక్కడికి వెళ్లి రావడం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటే. జెయింట్ వీల్ ఎక్కి, మిర్చి బజ్జీలు తిని, ఒక దుప్పటి, నాలుగు గాజులు కొనుక్కొని తిరిగి వస్తాము. అయితే ఈ ఎగ్జిబిషన్ ఎందుకు పుట్టింది? అక్కడ మనమిచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది? ఈ సంగతులు తెలుసుకొని వెళ్తే ఆ సాయంత్రం మరింత ప్రయోజనకరమవుతుంది.

ఎలా మొదలైంది?

నుమాయిష్ అనేది ఉర్దూ మాట. ప్రదర్శన అని దాని అర్థం. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘంవారు దీనిని పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభోత్సవం చేశారు. రెండున్నర రూపాయల మూలధనంతో పని మొదలుపెట్టారని చెబుతారు. అప్పుడు దాని పేరు ‘నుమాయిష్ మస్నువాతే ముల్కీ’. అంటే మన ప్రాంతంలో తయారైన వస్తువుల ప్రదర్శన. ఇక్కడివారు తమ చేతులతో ఏమేమి చేయగలరో ప్రజలకు చూపించాలన్నదే ఆ యువకుల ఆలోచన.

జనం పెరిగి స్థలం చాలకపోవడంతో 1946లో ప్రదర్శనను నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మార్చారు. స్వాతంత్ర్యం, హైదరాబాదు విలీనం జరిగిన గడ్డు రోజుల్లో ఇది ఆగిపోయింది. 1949లో అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారు తిరిగి ప్రారంభించారు. అప్పటినుండి అది అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్ పనివారి బట్టలు, ఉత్తరాది ఇత్తడి సామాను ఒకే మైదానంలో దొరకసాగాయి. ఈనాడు అక్కడ వేసే దుకాణాలు ఎన్నో.

టిక్కెట్టు డబ్బు ఎక్కడికి పోతుంది?

ఈ సంగతి చాలామందికి తెలియదు. నుమాయిష్ నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ దీనిమీద వచ్చే ఆదాయంతో సుమారు ఇరవై విద్యాసంస్థలను నడిపిస్తున్నది. వాటిలో ఆడపిల్లల చదువుకు పెద్దపీట వేశారు. మైదానం పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఈ కోవలోనివే. గేటు దగ్గర మీరు టిక్కెట్టు కొన్నప్పుడు అందులో కొంత ఎక్కడో ఒక ఆడపిల్ల పుస్తకానికి, ప్రయోగశాలకు చేరుతున్నదన్నమాట. సంతలో వచ్చిన లాభాన్ని బడికి మళ్లించిన ఈ పద్ధతి మన గ్రామ సంఘాలు, స్త్రీల సమాజాలు కూడా ఆలోచించదగినది.

దెబ్బలు తిన్న సంవత్సరాలు

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. గుడ్డ, చెక్క, ప్లాస్టిక్ సరుకుతో ఒకదాన్ని ఆనుకొని ఒకటి ఉన్న దుకాణాలు చూస్తుండగానే అంటుకున్నాయి. జనం కిక్కిరిసి ఉన్నా ప్రాణనష్టం లేకుండా బయటపడడం గొప్ప మేలు. కాని ఎన్నో దుకాణాలు బూడిదయ్యాయి. అప్పు తెచ్చి సరుకు నింపుకొన్న దూరప్రాంతాల వ్యాపారులు ఒక్క రాత్రిలో కట్టుబట్టలతో మిగిలారు. కొద్ది రోజుల్లోనే ప్రదర్శన మళ్లీ తెరిచారు గాని, పోయిన సరుకు తిరిగి రాదు గదా!

ఆ దెబ్బనుండి తేరుకునేలోపే కరోనా వచ్చింది. 2021లో నుమాయిష్ జరగనే లేదు. 2022లో జనవరి 1న మొదలైనా వెంటనే ఆపివేసి, ఫిబ్రవరి చివర మళ్లీ తెరవవలసి వచ్చింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే అమ్మకాల మీద ఆధారపడిన కుటుంబాలకు అవి ఎంత కష్టపు రోజులో, ఒక కారు పంట పోతే ఏమవుతుందో తెలిసిన రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

చేతిపనిని గుర్తించడం ఎలా?

మన వస్తువులను చూపించడానికి పుట్టిన ప్రదర్శనలో ఇప్పుడు యంత్రాల సరుకే ఎక్కువ. దాని మధ్య చేనేతవారు, హస్తకళలవారు తమ పనితో కూర్చుంటారు. ధర చూసి ముందుకు పోతే వారు కనబడరు. కొన్ని గుర్తులు తెలుసుకుంటే చేతిపనికి, నకలుకు తేడా పట్టవచ్చును.

పోచంపల్లి చీరలో నూలుకు ముందే చిటికీలు కట్టి రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. అందుచేత పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటుంది, రెండు వైపులా రంగు ఒకేలా కనబడుతుంది. అద్దకం వేసిన నకలు చీరను తిరగేస్తే వెనుకవైపు వెలిసినట్టుంటుంది.

కొండపల్లి బొమ్మను తేలికైన పొణికి చెక్కతో చేస్తారు. చేతులు, కాళ్లు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రది. తిరిగే కర్రమీద లక్క రంగు ఒత్తితే ఆ వేడికి నునుపు వస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. చేర్యాల నకాషీ పటంలో ఎర్రని నేలమీద కథ వరుసగా నడుస్తుంది. ఒకప్పుడు ఊరూరా కథ చెప్పేవారు ఆ పటాన్ని విప్పుతూ పాడేవారు.

నరసాపురం లేసు

మన సంఘాలవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది నరసాపురం లేసు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ మిషనెరీలు పశ్చిమ గోదావరి స్త్రీలకు నేర్పిన ఈ అల్లిక ఇంటింటికీ పాకింది. బడుగు ఆడపడుచుల చేతికి నాలుగు డబ్బులు రావాలన్నదే దాని ఉద్దేశము. ఒక కొక్కెపు సూది, దారపు ఉండ, రెండు చేతులు ఉంటే చాలు. 2024లో ఈ లేసుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పేరు ఎంత వచ్చినా అల్లేవారి సంపాదన మాత్రం అంతగా పెరగలేదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజంతా అల్లినా ఆ పనిని అందరూ ఇల్లాలి తీరిక పనిగానే లెక్కగట్టారనీ, అందుకే కూలి అంత తక్కువైందనీ ఆమె వివరించింది. అల్లిన ఇంటికీ కొన్న ఇంటికీ మధ్య ఎందరో చేతులు మారుతారు. ఎక్కువ లాభం ఆ మధ్యలోనే నిలిచిపోతుంది. యొప్పేలో దొర్కా కుట్టిన వస్త్రాలను విధవరాండ్రు పేతురుకు చూపించి కన్నీరు పెట్టిన సంగతి మనమెరిగినదే. వారికి ఆ బట్టతోపాటు కుట్టిన చేతులు కూడా జ్ఞాపకమున్నాయి.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

నాంపల్లి రైల్వే స్టేషను మైదానానికి దగ్గరే. మెట్రోలో వచ్చేవారు గాంధీభవన్ స్టేషనులో దిగవచ్చును. ఆదివారాలు, సెలవు దినాలు జనం ఎక్కువ గనుక వారం మధ్యలో వెళ్లడం మంచిది. చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. లోపలికి వెళ్లగానే బయటికి పోయే గేట్లు ఎటున్నాయో చూసుకోండి. 2019 నేర్పిన పాఠం అది. ఆ రోజుల్లో వెళ్లలేనివారికి మాదాపూర్‌లోని శిల్పారామం ఉన్నది. అక్కడ ఏడాది పొడుగునా చేతిపనుల అంగళ్లు ఉంటాయి.

ఇక బేరం సంగతి. బేరమాడడం తప్పు కాదు, సంతలో అది మామూలే. అయితే చేతిపని వస్తువు దగ్గర ధర అడగడానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: “ఇది ఎవరు చేశారమ్మా? ఎన్ని రోజులు పట్టింది?” చేసినవారే అమ్ముతుంటే వారి ముఖం వికసిస్తుంది, పని గురించి ఓపికగా చెబుతారు. ఆ జవాబు విన్న తరువాత ఎంత తగ్గించమనాలో మీ మనస్సే మీకు చెబుతుంది. పంట ధరను దళారి నిర్ణయిస్తే కలిగే బాధ మన రైతులకు తెలుసు. బొమ్మలు చెక్కేవానికి, లేసు అల్లే ఆమెకు కలిగే బాధ కూడా అదే.

వచ్చే జనవరిలో వెళ్తే కుటుంబంలో ఒక్కొక్కరు ఒక్కో చేతిపని దగ్గర ఆగి, ఈ ప్రశ్న అడిగి రండి. కొన్న వస్తువు చిన్నదైనా ఫర్వాలేదు. దానిని చేసినవారి ఊరి పేరు మీ పిల్లలకు తెలిస్తే చాలు.