80 గుంటల పొలానికి 84 గుంటల పాస్‌బుక్కులు.. కంప్యూటర్ ఎందుకు ఆపేస్తుంది?

పొలం మీదే, దున్నేదీ మీరే. కానీ ఆన్‌లైన్‌లో విస్తీర్ణం తేడా ఉందంటూ పని ఆగిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతులకు కొత్తగా చెప్పక్కర్లేని తిప్పలివి. మరి తప్పు కంప్యూటర్‌దా, రికార్డుదా?

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఒక సర్వే నంబర్‌లో 2 ఎకరాలు, అంటే 80 గుంటలు ఉన్నాయనుకుందాం. అన్నదమ్ములు ముగ్గురు. ఒక్కొక్కరి పేరిట 28 గుంటలు ఎక్కాయి. కూడితే 84. లేని 4 గుంటలు కాగితం మీద పుట్టాయన్నమాట! దీన్నే రెవెన్యూ ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. భాగాలన్నీ కలిపినా మొత్తాన్ని మించకూడదన్నది డేటాబేస్ రూల్. ఈ రూల్ లేకపోతే ఒకే గుంటను ఇద్దరికి అమ్మేయొచ్చు.

కంప్యూటర్‌కు తెలియనిది ఇదే

84 తప్పని కంప్యూటర్ చెబుతుంది. ఎవరి వాటాలో ఆ 4 గుంటలు ఎక్కువ పడ్డాయో చెప్పలేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మొత్తం సరిగ్గా 80 వచ్చి, అన్న వాటా తమ్ముడి పేరిట పడితే? లెక్క కుదిరింది కాబట్టి సిస్టమ్ ఓకే అంటుంది. అందుకే రూల్ ఒక్కటే సరిపోదు. పొలం దగ్గరకెళ్లి చూసే మనిషి, తప్పును దిద్దే దారి రెండూ ఉండాలి.

ధరణి నుంచి భూ భారతికి

2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. వివాదాలున్న భూములను పార్ట్-బీలో పెట్టారు. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట అయ్యాయి కానీ, తప్పులు దిద్దుకోవడమే కష్టమైంది. చాలామందికి కోర్టే దిక్కయింది. కొన్ని సవరణలకు తర్వాత ఆప్షన్లు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూ భారతిలో ఆర్డీవో, కలెక్టర్‌కు అప్పీల్ చేసుకునే వీలు కల్పించారు.

మీరేం చేయాలి?

పాస్‌బుక్‌లో పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం చూసుకోండి. ఆన్‌లైన్ రికార్డుతో పోల్చండి. అదే సర్వే నంబర్‌లో మిగతా పట్టాదారుల వాటాలూ కూడి చూడండి. తేడా ఉంటే పాత పహాణీలు, పాస్‌బుక్ జిరాక్స్‌తో సవరణకు దరఖాస్తు పెట్టండి. అమ్మకం రోజు దాకా ఆగొద్దు. అప్పుడు తేడా బయటపడితే బేరమే ఆగిపోతుంది.